డిగ్రీ కాలేజీ మ్యాథ్స్ ల్యాబ్‌కి మ్యాథమెటికా కొనాలా, మ్యాక్సిమా సరిపోతుందా?

రాజోలు వైపు డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ చెప్పే మేడం అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ల్యాబ్‌లో ఇరవై పాత విండోస్ సిస్టమ్స్ ఉన్నాయి. నెట్ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. మేనేజ్‌మెంట్ ఈ ఏడాది కొంత డబ్బు ఇస్తామంటోంది. సంఖ్యలతోనే కాక ఎక్స్, వై లాంటి గుర్తులతోనూ లెక్క చేసే మ్యాథమెటికా గానీ మేపుల్ గానీ కొనాలా, లేక అదే పని చేసే మ్యాక్సిమా, సేజ్ లాంటి ఓపెన్ సోర్స్ (ఉచితంగా దొరికే, లోపలి కోడ్ అందరూ చూడగలిగే) సాఫ్ట్‌వేర్‌తో బీఎస్సీ పిల్లలకు సరిపోతుందా? రెండింటికీ నిజంగా తేడా ఎంత?

మేడం, ల్యాబ్ మొత్తానికి కొనవద్దు. బీఎస్సీ సిలబస్‌కు మ్యాక్సిమా చాలు. గ్రూప్ థియరీ, రింగ్స్ చెప్పేటప్పుడు సేజ్ తోడు పెట్టుకోండి. మీ స్టాఫ్‌లో ఎవరైనా పాక్షిక అవకలన సమీకరణాల మీద గానీ స్పెషల్ ఫంక్షన్ల మీద గానీ రీసెర్చ్ చేస్తుంటే, వాళ్ల ఒక్క సిస్టమ్‌కి మాత్రం మ్యాథమెటికా లేదా మేపుల్ లైసెన్స్ అడగండి. అమలాపురం, కాకినాడ వైపు కాలేజీల్లో రెండు రకాల ల్యాబ్‌లూ నడిపాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కారణాలు కింద రాస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

ముందు ఒక గందరగోళం తీసేయాలి. చాలా కాలేజీల్లో మ్యాట్‌ల్యాబ్, సైల్యాబ్, ఆక్టేవ్, మ్యాథమెటికా, మ్యాక్సిమా అన్నీ ఒకే గాటన కట్టి మాట్లాడతారు. మొదటి మూడూ ప్రధానంగా సంఖ్యలతో లెక్క చేసేవి. మూడో వంతు అంటే వాటికి 0.3333. కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్‌కి మూడో వంతు మూడో వంతే, రూట్ 2 రూట్ 2నే, ఎక్స్ ఎక్స్‌గానే ఉంటుంది. మ్యాట్‌ల్యాబ్‌లో ఆ పని కావాలంటే సింబాలిక్ టూల్‌బాక్స్ విడిగా కొనాలి. ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు "మా దగ్గర మ్యాట్‌ల్యాబ్ ఉందిగా" అంటే, ఆ టూల్‌బాక్స్ ఉందో లేదో అడిగి చూడండి.

ఇక ఫీచర్ల సంగతి. డిఫరెన్సియేషన్, మామూలు ఇంటిగ్రేషన్, లిమిట్స్, టేలర్ సిరీస్, మాత్రికలు, ఐగెన్ విలువలు, బహుపదుల కారణాంకాలు, ఫస్ట్ ఆర్డర్, సెకండ్ ఆర్డర్ అవకలన సమీకరణాలు, లాప్లాస్ పరివర్తన, గ్రాఫులు: ఇవన్నీ రెండు వైపులా ఉన్నాయి. మీ పిల్లల రికార్డు పుస్తకంలో ఉండే లెక్కల్లో తేడా దాదాపు కనబడదు. తేడా కనబడేది అంచుల దగ్గర. అలాంటి లెక్క ఒకటి మన కాలువల నుంచే చెబుతాను, నేను ల్యాబ్‌లో తరచుగా ఇచ్చేది.

ధవళేశ్వరం నుంచి బయలుదేరే మన కాలువల అడ్డుకోత సుమారుగా ట్రెపీజియం ఆకారం. వైశాల్యం ఇంత అని ఖాయం చేసుకుని, నీళ్లు తగిలే చుట్టుకొలత అతి తక్కువ కావాలంటే అడుగు వెడల్పు, లోతు, గట్టు వాలు ఎలా ఉండాలి? చుట్టుకొలత తగ్గితే రాపిడి తగ్గుతుంది, లైనింగ్ ఖర్చూ తగ్గుతుంది. లోతును వై, వాలును (ఒక మీటరు ఎత్తుకు గట్టు పక్కకు జరిగే దూరాన్ని) జెడ్ అనుకుని చుట్టుకొలత రాసి, జెడ్‌తో డిఫరెన్సియేట్ చేసి సున్నాకి సమానం చేస్తే వచ్చే సమీకరణం చిన్నది: రెండు జెడ్‌ని రూట్ ఆఫ్ (1 ప్లస్ జెడ్ స్క్వేర్)తో భాగిస్తే 1.

దీన్ని మ్యాథమెటికాకి ఇస్తే వెంటనే 1 బై రూట్ 3 అని చెబుతుంది. పైథాన్ భాషలో వాడే సింపై అనే ఉచిత ప్యాకేజీ కూడా చెబుతుంది. మ్యాక్సిమాలో మామూలు సాల్వ్ కమాండ్‌కి ఇస్తే "జెడ్ = రూట్ ఆఫ్ (జెడ్ స్క్వేర్ ప్లస్ 1) బై 2" అని ఇస్తుంది. అంటే జెడ్ రెండు వైపులా ఉంది, జవాబు రాలేదు. రాడికల్స్ ఉన్న సమీకరణాల్లో మ్యాక్సిమాకున్న అసలు బలహీనత ఇదే. దానిలోనే టు-పాలీ-సాల్వ్ అనే ఇంకో ప్యాకేజీ ఉంది, అది లోడ్ చేసుకుంటే పని అవుతుంది. నేను మాత్రం పిల్లల్ని చేత్తో రెండు వైపులా వర్గం చేయమంటాను. నాలుగు జెడ్ స్క్వేర్ = 1 ప్లస్ జెడ్ స్క్వేర్, దాంతో జెడ్ ప్లస్ లేదా మైనస్ 1 బై రూట్ 3. మైనస్ విలువను మొదటి సమీకరణంలో పెడితే సరిపోదు. వర్గం చేస్తే లేని మూలం ఒకటి వచ్చి కూర్చుంటుందని బోర్డు మీద చెప్పినప్పుడు తలూపే పిల్లలు, ఇక్కడ కళ్లతో చూస్తారు.

జవాబు: గట్టు 60 డిగ్రీల వాలు, అంటే కాలువ అడ్డుకోత సరిగ్గా సగం షడ్భుజి. హైడ్రాలిక్ రేడియస్ లోతులో సగం. అప్పుడు కాలువ గట్టున ఆడుకుని పెరిగిన పిల్లలు తప్పకుండా అడుగుతారు, మన కాలువ గట్లు ఇంత నిటారుగా ఉండవు కదా సార్ అని. ఉండవు. ఒండ్రుమట్టి గట్టు 60 డిగ్రీల వాలులో నిలవదు, జారిపోతుంది. అందుకే మట్టి కాలువలకు ఇంకా వాలుగా కడతారు. ఈ సంభాషణ జరిగిన రోజు ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందన్నది ఎవరికీ గుర్తుండదు.

అదే కాలువకు, ప్రవాహం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రం పెట్టి, ఇంత ప్రవాహానికి లోతు ఎంత అని అడగండి. వైశాల్యం మీద 5 బై 3 ఘాతం, చుట్టుకొలత మీద 2 బై 3 ఘాతం వస్తాయి. ట్రెపీజియం కాలువకి లోతు ఇంత అని చెప్పే తేలికైన సూత్రం రాదు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా సంఖ్యాత్మకంగా మూలం వెతకాల్సిందే. మ్యాక్సిమాలోనూ సేజ్‌లోనూ ఫైండ్-రూట్, మ్యాథమెటికాలోనూ ఫైండ్-రూట్. ఫలితం ఒకటే.

పాఠం చెప్పే మాస్టారి కోణంలో మ్యాక్సిమాకి ఒక గొప్ప గుణం ఉంది, అది ప్రశ్నలు అడుగుతుంది. ఎక్స్ పవర్ ఎన్‌ని ఇంటిగ్రేట్ చేయమనండి. "ఎన్ విలువ మైనస్ 1 కి సమానమా?" అని ఆగి అడుగుతుంది. అవునంటే లాగ్ ఇస్తుంది, కాదంటే మనకు తెలిసిన సూత్రం ఇస్తుంది. మ్యాథమెటికా, మేపుల్ ఇదే లెక్కకి అడగకుండా సాధారణ సూత్రం ఇచ్చేస్తాయి. ఎన్ మైనస్ 1 అయితే అక్కడ హారం సున్నా అవుతుందని మనమే గుర్తుంచుకోవాలి. సింపై రెండు సందర్భాలనూ విడివిడిగా రాసి ఒకే జవాబులో ఇస్తుంది. రీసెర్చ్ చేసేవాళ్లకు ఈ ప్రశ్నలు చిరాకు, మధ్యలో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అస్యూమ్ కమాండ్‌తో ముందే షరతులు చెప్పేసుకుంటారు. సెకండియర్ పిల్లలకి మాత్రం ఆ ప్రశ్నే పాఠం. అలాగే రూట్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్. మ్యాక్సిమా మాడ్ ఎక్స్ అని రాస్తుంది, ఎందుకంటే ఎక్స్ వాస్తవ సంఖ్య అనుకుంటుంది. మ్యాథమెటికా, సింపై దాన్ని అలాగే వదిలేస్తాయి, ఎక్స్ సంకీర్ణ సంఖ్య కావచ్చు కాబట్టి. ఏదీ తప్పు కాదు. ఎవరు ఏం అనుకుంటున్నారన్నదే తేడా, దాని మీద ఒక క్లాసు హాయిగా నడుస్తుంది.

ఇప్పుడు డబ్బు పెట్టి కొనే వాటి బలం కూడా నిజాయితీగా చెప్పాలి. కష్టమైన ఇంటిగ్రల్స్, పాక్షిక అవకలన సమీకరణాలు, స్పెషల్ ఫంక్షన్లు, చిక్కటి ఎక్స్‌ప్రెషన్లను కుదించడం: ఈ నాలుగింటిలో మ్యాథమెటికా, మేపుల్ ముందున్నాయి, సందేహం లేదు. అవకలన సమీకరణాల్లో మేపుల్‌ది ఏళ్ల తరబడి పోగైన పనితనం. మ్యాక్సిమాలో పాక్షిక అవకలన సమీకరణాలకు చెప్పుకోదగ్గ సాధనం లేదు, సింపైలో ఉన్నది ఫస్ట్ ఆర్డర్ వరకే. ఇంటిగ్రేషన్‌లో సాఫ్ట్‌వేర్లను పోల్చడానికి రూబీ అనే నియమాల ఆధారిత ప్యాకేజీ వాళ్లు తయారుచేసిన 70 వేలకు పైగా లెక్కల సెట్ ఉంది. ఆ పరీక్షల్లో రూబీ, మ్యాథమెటికా ముందు వరసలో ఉంటాయి. ఓపెన్ సోర్స్‌లో ఫ్రైకాస్ అనే సాఫ్ట్‌వేర్ బాగా నిలబడుతుంది, మ్యాక్సిమా, సింపై వెనకబడతాయి. ఆ రూబీ కూడా ఓపెన్ సోర్సే. కాకపోతే దాన్ని నడిపేది ప్రధానంగా మ్యాథమెటికాలోనే.

ఇంకో పెద్ద బలం డాక్యుమెంటేషన్. మ్యాథమెటికాలో ఏ ఫంక్షన్ హెల్ప్ తెరిచినా పది ఉదాహరణలు అక్కడే నొక్కి చూడొచ్చు. మేపుల్‌లో విద్యార్థుల కోసం ఉన్న ట్యూటర్లు ఇంటిగ్రేషన్‌ని అంచెలంచెలుగా చూపిస్తాయి. మ్యాక్సిమా మాన్యువల్‌లో అన్నీ ఉంటాయి కానీ తెలిసినవాడికే అర్థమయ్యేలా ఉంటాయి. ఈ లోటు మాస్టారే పూడ్చాలి. అందుకే మ్యాక్సిమా ల్యాబ్ పెట్టేవాళ్లకి నేను మొదట చెప్పేది, తెలుగులో ఒక పదిహేను పేజీల నోట్సు మీరే రాసుకోండి అని. పేర్లు, చిహ్నాలు పిల్లల్ని తికమక పెడతాయి. విలువ ఇవ్వడానికి ఈక్వల్ కాదు, కోలన్. పై ముందు పర్సంటేజ్ గుర్తు. లాగ్ అంటే సహజ సంవర్గమానం. ప్రతి కమాండ్‌ని షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితేనే నడుస్తుంది. మొదటి వారం టెన్షన్ అంతా ఇక్కడే.

అయితే ఓపెన్ సోర్స్‌ని "డబ్బుల్లేనివాళ్ల మ్యాథమెటికా" అనుకోవద్దు. కొన్ని చోట్ల అదే అసలైనది. గ్రూప్ థియరీలో గ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దగ్గరికి మ్యాథమెటికా రాలేదు. జర్మనీలోని ఆఖెన్‌లో 1986లో మొదలైంది గ్యాప్. ఆర్డర్ 16 ఉన్న గ్రూపులు ఎన్ని అని అడిగితే 14 అని చెప్పి, ఒక్కొక్కదాన్నీ తీసి చేతికిస్తుంది. సైలో ఉపసమూహాలు, సెంటర్, నార్మల్ ఉపసమూహాలు అన్నీ చూసుకోవచ్చు. సంఖ్యావాదానికి బోర్డో యూనివర్సిటీ నుంచి వచ్చిన పారి, బహుపదుల ఐడియల్స్‌కి సింగులర్. ఈ రంగాల్లో పోటీకి నిలిచే గట్టి సాఫ్ట్‌వేర్ సిడ్నీ యూనివర్సిటీ వారి మాగ్మా, దానికి డబ్బు కట్టాలి. సేజ్ ఒక ఉమ్మడి కుటుంబం లాంటిది: గ్యాప్, పారి, సింగులర్, మ్యాక్సిమా అందరూ ఒకే కప్పు కింద ఉంటారు, మాట్లాడేది మాత్రం పైథాన్ భాష. విలియం స్టైన్ 2005లో దీన్ని మొదలుపెట్టినప్పుడు ఉద్దేశమే మాగ్మా, మేపుల్, మ్యాథమెటికా, మ్యాట్‌ల్యాబ్‌లకు ఉచిత ప్రత్యామ్నాయం.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇప్పుడు. జవాబు తప్పైతే ఎలా తెలుస్తుంది?

అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ వారి నోటీసెస్ పత్రికలో 2014లో ముగ్గురు స్పెయిన్ గణితవేత్తలు ఒక వ్యాసం రాశారు. పెద్ద పెద్ద పూర్ణాంకాలున్న మాత్రికల డిటర్మినెంట్లు మ్యాథమెటికాలో తప్పు వస్తున్నాయని, అదే మాత్రికను మళ్లీ లెక్కిస్తే వేరే జవాబు వస్తోందని చూపించారు. వాళ్లకు అనుమానం ఎలా వచ్చిందంటే, వాళ్లలో ఒకరు మేపుల్ వాడుతున్నారు, జవాబులు కలవలేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దామంటే కోడ్ కనబడదు. గ్యాప్‌ని మొదలుపెట్టిన నాయ్‌బ్యూజర్ 1993లోనే ఈ బాధ చెప్పారు. సైలో సిద్ధాంతానికి రుజువు లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా చదివి సరిచూసుకోవచ్చు, అదే గణితాన్ని చేసే ప్రోగ్రామ్‌కి వచ్చేసరికి డబ్బు కట్టాలి, లోపల చూడనివ్వరు, ఇది గణితం నడిచే పద్ధతికే విరుద్ధం అన్నది ఆయన వాదన. నేను ఆయన పక్షమే.

అలాగని ఓపెన్ సోర్స్‌లో తప్పులు తక్కువని కాదు. మ్యాక్సిమాకి పనిచేసేవాళ్లు కొద్దిమంది, పాత బగ్స్ ఏళ్ల తరబడి జాబితాలో ఉంటాయి. తేడా ఏమిటంటే ఆ జాబితా అందరికీ కనబడుతుంది. మీరు వాడబోయే కమాండ్ మీద ఏం ఫిర్యాదులున్నాయో ముందే చదువుకోవచ్చు.

కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్‌ది తప్పే ఉండదు, వాడేవాడిది ఉంటుంది. 1 బై (2 ప్లస్ కాస్ ఎక్స్)ని 0 నుంచి 2 పై వరకు ఇంటిగ్రేట్ చేయమని ఇవ్వండి. పిల్లలు ముందు అవధులు లేకుండా ఇంటిగ్రల్ తీసి, వచ్చిన దాంట్లో తామే అవధులు పెడతారు. సున్నా వస్తుంది. ప్రతి చోటా ధనాత్మకంగా ఉన్న ఫంక్షన్ కింద వైశాల్యం సున్నా ఎలా అవుతుంది? సరైన జవాబు 2 పై బై రూట్ 3, అంటే సుమారు 3.63. కారణం, వచ్చిన జవాబులో ఉన్న టాన్ ఇన్వర్స్ ముక్క పై దగ్గర ఒక్కసారి దూకుతుంది. మ్యాథమెటికా, మ్యాక్సిమా రెండూ ఇలాంటి దూకే రూపమే ఇస్తాయి. సింపై అయితే ఆ దూకుడును సరిచేసే ఫ్లోర్ ఫంక్షన్ ముక్క కూడా కలిపి ఇస్తుంది. ఉచితంగా వచ్చేది ఇక్కడ ఎక్కువ జాగ్రత్త తీసుకుంది. నా ల్యాబ్‌లో నియమం ఒకటే: ఏ జవాబైనా తిరిగి డిఫరెన్సియేట్ చేసి గానీ, గ్రాఫ్ గీసి గానీ, రెండో సాఫ్ట్‌వేర్‌లో వేసి గానీ సరిచూడకుండా రికార్డులో రాయకూడదు. రెండు మూడు ఉచిత సాఫ్ట్‌వేర్లు పక్కపక్కనే ఉన్న సిస్టమ్‌లో ఇది సులువు. ఒకే లైసెన్స్ మీద బతికే ల్యాబ్‌లో కష్టం.

ఎంత కాలం ఉంటుంది అన్నదీ ఆలోచించండి. మ్యాక్సిమాకి తాత లాంటి సాఫ్ట్‌వేర్ అమెరికాలోని ఎంఐటీలో 1968లో మొదలైంది, దాని పేరు స్పెల్లింగ్ వేరు (Macsyma). అది రెండు పాయలైంది. వ్యాపార పాయ 1990ల తరవాత ఎండిపోయింది. రెండో పాయను టెక్సస్‌లో విలియం షెల్టర్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి కాపాడుతూ వచ్చారు. 1998లో అమెరికా ఇంధన శాఖ నుంచి అనుమతి తెచ్చి ఉచిత లైసెన్స్ కింద విడుదల చేశారు. ఆయన 2001లో పోయారు, మ్యాక్సిమా ఇప్పటికీ నడుస్తోంది. డబ్బు పెట్టి కొనే ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో, స్కూళ్లలో బాగా వాడిన డిరైవ్ అమ్మకం 2007లో ఆగిపోయింది. మ్యూప్యాడ్‌ని 2008లో మ్యాట్‌ల్యాబ్ కంపెనీ కొనేసింది, విడిగా దొరకడం మానేసింది. వాటి మీద పాఠాలు తయారుచేసుకున్న మాస్టార్ల శ్రమ అంతా ఏమైందో ఊహించుకోండి. ఇటువైపూ ఇబ్బంది లేకపోలేదు. 2020 జనవరిలో వచ్చిన సేజ్ 9.0 పైథాన్ 3కి మారింది, పాత వర్క్‌షీట్లు చాలా వాటికి మరమ్మతు కావాల్సి వచ్చింది. పాత ఫైళ్లను కొత్త వెర్షన్‌లో నడపడంలో మ్యాథమెటికాకి మంచి పేరుంది.

ఇక మీ ల్యాబ్. పాత విండోస్ సిస్టమ్స్ అన్నారు. మ్యాక్సిమాని డబ్ల్యూఎక్స్-మ్యాక్సిమా అనే తెరతో కలిపి ఒకే ఇన్‌స్టాలర్‌లో ఇస్తారు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇరవై సిస్టమ్స్‌లో ఒక్క పూటలో పెట్టేయొచ్చు. తుఫాను రోజుల్లో నెట్ పోయినా ల్యాబ్ ఆగదు. సేజ్‌ని మాత్రం పాత విండోస్ మీద పెట్టాలని చూడకండి. అది చాలా పెద్దది, పైగా విండోస్‌లో లినక్స్ పొర కావాలి. కాస్త మంచి సిస్టమ్ ఒకటి చూసి లినక్స్ వేసి దాంట్లో సేజ్ పెట్టండి, ల్యాబ్ నెట్‌వర్క్ మీద మిగతావాళ్లు బ్రౌజర్‌లో వాడుకుంటారు. నెట్ ఉన్న రోజు సేజ్ సెల్ అనే పేజీ పిల్లల ఫోన్లలో కూడా తెరుచుకుంటుంది. మ్యాక్సిమాకి ఆండ్రాయిడ్ యాప్ ఉంది.

సింపై నేర్పిస్తే ఒక హెచ్చరిక. 1/3 అని రాస్తే పైథాన్ దాన్ని ముందే దశాంశంగా మార్చేస్తుంది, లెక్క కచ్చితత్వం అక్కడే పోతుంది. రేషనల్ అని చెప్పి ఇవ్వాలి. ఘాతానికి టోపీ గుర్తు పనిచేయదు, రెండు స్టార్లు పెట్టాలి. సేజ్‌లో ఈ రెండు బాధలూ లేవు. ఉద్యోగాల కోణంలో పైథాన్ వస్తే మంచిదే కాబట్టి ఫైనలియర్‌లో సింపైకి కొన్ని గంటలు కేటాయించండి. మొదటి ఏడాదిలో వద్దు, ఆల్జీబ్రా కంటే సింటాక్స్ ఎక్కువ చెప్పాల్సి వస్తుంది.

మ్యాథమెటికా ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలని ఉంటే కొనకుండానే దారి ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో, వ్యాపారేతర వాడకానికి, 2013 నుంచి దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. నిదానంగా నడుస్తుంది కానీ చూపించడానికి చాలు.

మేనేజ్‌మెంట్ "డబ్బు ఇస్తామంటే వద్దంటారేంటి" అంటే, ఆ డబ్బుతో ర్యామ్, యూపీఎస్ బ్యాటరీలు, ఒక మంచి సర్వర్ అడగండి. ఒక్క రీసెర్చ్ లైసెన్స్ తీసుకోవాల్సి వస్తే కొటేషన్‌లో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఏటా కట్టాలా, ఒకసారి కడితే శాశ్వతమా? సిస్టమ్ ఫార్మాట్ చేస్తే మళ్లీ యాక్టివేషన్ ఎలా? చందా ఆగిపోయాక పాత ఫైళ్లు తెరుచుకుంటాయా? మా వైపు ఒక కాలేజీలో ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు. రెండో ఏడాది రెన్యువల్ డబ్బు రాక, తయారుచేసుకున్న పాఠాలన్నీ తెరవలేక కొత్త సెమిస్టర్‌లో మ్యాక్సిమాలో మళ్లీ రాసుకున్నారు.

మీ సిలబస్‌లో ప్రాక్టికల్ లెక్కల జాబితా ఇక్కడ పెడితే, ఏవి మ్యాక్సిమాలో నేరుగా వస్తాయో, వేటికి టు-పాలీ-సాల్వ్ లాంటి పక్కదారి కావాలో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను.